ఎర్ర సిలువ ఎవరిది?

(సంఘ సభ్యుల కూటములో వైద్య పరిచర్య సమితి పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతజయంతి సంవత్సరంలో పాతబస్తీలో ఒక ఉచిత వైద్యశాల నడపాలని సంఘము తీర్మానించిన సంగతి మీకు తెలిసినదే. యాకుత్‌పురా వైపు రెండు గదులు అద్దెకు దొరికాయి. వారానికి రెండు పూటలు వచ్చి కూర్చుంటామని మన డాక్టర్లు మాట ఇచ్చారు. మందులు తీసుకొని వెళ్లేందుకు పాత వ్యాను ఒకటి సమకూడింది. ఇంతవరకు అన్నీ సజావుగానే జరిగి, చివరకు బోర్డు దగ్గర పని ఆగింది. గదుల మీద, వ్యాను ప్రక్కల ఏ గుర్తు వేయించాలన్నది ప్రశ్న. ఎర్ర సిలువ వేయిద్దాము, అది డాక్టరు గుర్తు, పైగా మన గుర్తు కూడాను అని కొందరు అన్నారు. పాతబస్తీలో సిలువ గుర్తు కనబడితే రోగులు లోపలికి వస్తారా, మతము కలుపుకోవడానికి వచ్చారని అనుకోరా అని మరికొందరు అన్నారు. రెండు కూటములు ఈ మాట మీదనే గడిచిపోయాయి. సంగతి ఏమిటో తెలుసుకొని చెప్పమని పెద్దలు మా సమితికి అప్పగించారు.

ఈ రెండు పక్షాల వారికీ మేము చెప్పవలసిన మాట ఒకటే. ఆ ఎర్ర గుర్తు డాక్టరుది కాదు, మన సంఘముది అంతకన్నా కాదు. దానికి సొంతదారులు వేరే ఉన్నారు.

ఇది వినగానే చాలామందికి వింతగా ఉండవచ్చు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నయాపూల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా నడిచి చూడండి. మందుల షాపుల మీద, నర్సింగ్ హోముల బోర్డుల మీద, డాక్టరుగారి స్కూటరు మీద, అంబులెన్సుల మీద ఎన్ని ఎర్ర గుర్తులు కనబడతాయో! పిల్లలకు కొనే డాక్టరు ఆటబొమ్మల పెట్టె మీద కూడ అదే. సినిమాలో నర్సు వేషం వేయాలంటే టోపీకి ఎర్ర గుర్తు ఉండవలసినదే. ఇంతమంది వాడుతున్నది తప్పెలా అవుతుందని మనకు తోచడం సహజమే. అయితే ఇంతమంది వాడడమే దానికి పట్టిన చేటు.

దాని పుట్టుక ఎట్టిదో కొంచెము వివరంగా చెప్పుకొందాము. 1859 జూన్ 24వ తేదీన ఉత్తర ఇటలీలో సోల్ఫెరీనో అనే ఊరి దగ్గర ఒక ప్రక్క ఫ్రాన్సు, సార్డీనియా సైన్యాలు, మరొక ప్రక్క ఆస్ట్రియా సైన్యము తలపడ్డాయి. చనిపోయినవారు, గాయపడినవారు కలిసి సుమారు 40,000 మంది అని చెబుతారు. జెనీవా పట్టణస్థుడైన హెన్రీ డ్యూనాంట్ అనే వర్తకుడు అల్జీరియాలోని తన మిల్లు వ్యవహారము గురించి ఫ్రాన్సు చక్రవర్తిని కలుసుకోవాలని ఆ దారిన వచ్చాడు. వచ్చిన పని మరచిపోయాడు. కాస్టిలియోనె అనే ప్రక్క ఊరిలో ఇళ్లు, వీధులు, చర్చిలు అన్నీ క్షతగాత్రులతో నిండి ఉన్నాయి. ఊరి పెద్ద చర్చియే ఆసుపత్రి అయింది. నీళ్లు ఉన్నాయి గాని అందించే చేతులు లేవు. డ్యూనాంట్ ఊరి స్త్రీలను కూడగట్టాడు. ఆ తల్లులు ఇతడు ఏ సైన్యము వాడు, అతడు ఏ సైన్యము వాడు అని చూడకుండా, అందరూ సోదరులే అంటూ గాయాలు కడిగారు.

ఆ రోజులలో సైన్యపు వైద్యులకు అసలు గుర్తే లేదనుకోవద్దు. ఉండేది. అదే చిక్కు. ఆస్ట్రియా వారి ఆసుపత్రి జెండా తెలుపు, ఫ్రాన్సు వారిది ఎరుపు, స్పెయిన్ వారిది పసుపు. ఎదుటి సైన్యపు సామాన్య సిపాయికి ఆ రంగుల భేదము ఏమి తెలుస్తుంది? దూరాన ఒక గుడారము, దాని మీద ఏదో గుడ్డ, లోపల కదలుతున్న మనుష్యులు. అతడు తుపాకి పేల్చేవాడు. గాయపడినవారిని మోసుకొని వెళ్లే బండ్లకూ అదే గతి పట్టేది.

డ్యూనాంట్ తాను చూసినది 1862లో పుస్తకముగా అచ్చు వేయించాడు. 1863 ఫిబ్రవరిలో జెనీవాలో ఐదుగురు కలిసి ఒక సమితిగా ఏర్పడ్డారు. అదే సంవత్సరము అక్టోబరులో జరిగిన సమావేశములో, గాయపడినవారికి సేవ చేసే స్వచ్ఛంద సేవకులు తెల్లని చేతిపట్టీ మీద ఎర్ర సిలువ ధరించాలని నిశ్చయించారు. 1864 ఆగస్టు 22న 12 రాజ్యాలు జెనీవా ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఏ దేశపు సైన్యమైనా సరే, తెలుపు మీద ఎరుపు గుర్తు ఉన్న జెండాను, చేతిపట్టీని చూస్తే కాల్పులు జరపకూడదని అప్పుడు చట్టమయింది. ఆ గుర్తు అర్థమంతా ఇందులోనే ఉంది. అది వైద్యము ఇక్కడ దొరుకుతుందని చెప్పే బోర్డు కాదు. “కాల్చవద్దు, మేము యుద్ధములో లేము” అని ఆయుధము పట్టినవాడితో చెప్పే మాట.

అయితే ఆ సిలువ మన సిలువ కాదా అని అడిగేవారికి ఇక్కడ కొంత నిదానముగా జవాబు చెప్పాలి. డ్యూనాంట్ భక్తిపరుడైన క్రైస్తవుడు. 1852లో జెనీవాలో వై.ఎం.సి.ఏ.ను స్థాపించినవారిలో ఒకడు. 1855లో పారిస్‌లో ప్రపంచ వై.ఎం.సి.ఏ. కూటమి ఏర్పడడములో అతని చెయ్యి ఉంది. అట్టివాడు తలపెట్టిన పనికి సిలువ గుర్తు వచ్చిందంటే అది మత చిహ్నమేనని అనుకోవడం సులభము. కాని ఆ మొదటి సమావేశాల కాగితాలలో ఆ గుర్తును ఎందుకు ఎంచుకొన్నారో వివరించలేదు. 1906లో ఒడంబడికను తిరిగి రాసినప్పుడు మాత్రము, స్విట్జర్లాండు దేశపు గౌరవార్థము ఆ దేశ పతాకము రంగులను తారుమారు చేసి దీనిని రూపొందించారని అందులో స్పష్టముగా రాశారు. వారి జెండా ఎరుపు మీద తెలుపు. ఇది తెలుపు మీద ఎరుపు. స్విస్ జెండాలోని సిలువ ఎక్కడి నుండి వచ్చింది అంటే, అది క్రైస్తవ సిలువే. గనుక ఏ సంబంధమూ లేదని వాదించడం న్యాయము కాదు. మనుమడికి తాత ముఖకవళికలు ఉండవచ్చు గాని, మనుమడి కష్టార్జితము మీద తాతకు హక్కు ఉండదు కదా!

ఆకారము కూడ చూడండి. మన ఆలయ శిఖరము మీది సిలువకు క్రింది భాగము పొడుగు. రెడ్‌క్రాస్ గుర్తుకు నాలుగు చేతులూ సమానము, బడిపిల్లవాడు పలక మీద వేసే కూడిక గుర్తు వలె. మన దేశపు చట్టములో కూడ నిలువు చేతులు, అడ్డ చేతులు ఒకే పొడుగు అనే రాసి ఉంది.

ఇక నెలవంక సంగతి. ఇది మన హైదరాబాద్ వారు తప్పక వినవలసిన భాగము, అందుచేత ఇక్కడ కొంచెము ఎక్కువసేపు నిలిస్తే క్షమించాలి.

ఒట్టోమాన్ తుర్కీ రాజ్యము 1865లోనే జెనీవా ఒడంబడికలో చేరింది. అప్పటి సుల్తాను అబ్దుల్ అజీజ్. 1876లో యుద్ధము వచ్చినప్పుడు ఆ ప్రభుత్వము ఒక మాట తెలియజేసింది. శత్రువుల ఎర్ర సిలువను మేము గౌరవిస్తాము, కాని మా ముస్లిం సిపాయిల మనస్సు నొచ్చుకొంటున్నది గనుక మా వైద్య దళాలకు ఎర్ర నెలవంక వాడుకొంటాము అని. తరువాతి సంవత్సరాలలో రష్యాతో జరిగిన యుద్ధములో రెండు గుర్తులూ ఎదురెదురుగా నిలిచాయి. ఆ సంస్థనే మన ఉర్దూ మాట్లాడే సోదరులు హిలాల్-ఎ-అహ్మర్ అంటారు. 1912లో బాల్కన్ యుద్ధము వచ్చినప్పుడు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీగారు మన దేశము నుండి వైద్య బృందమును తీసుకొని తుర్కీ క్షతగాత్రులకు సేవ చేయడానికి సముద్రము దాటి వెళ్లారు.

ఆ రాజవంశము చివరకు మన ఊరితోనే వియ్యమందింది. సుల్తాను అబ్దుల్ అజీజ్ కుమారుడు అబ్దుల్ మజీద్ చివరి ఖలీఫా. ఆయన కుమార్తె దుర్రు షెహవార్ 1931లో నైస్ పట్టణములో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాను పెండ్లాడి హైదరాబాద్ వచ్చింది. పురానీ హవేలీలో ఆమె పేరుతో పిల్లల ఆసుపత్రి ఉన్న సంగతి మీకందరికీ తెలుసు. మన సంఘములోని తల్లులలో ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కనివారు తక్కువ. దానికి కూతవేటు దూరములో దారుల్‌షిఫా. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆసుపత్రి కొరకు కట్టించినది. స్వస్థత ఇల్లు అని దాని పేరుకు అర్థము. జెనీవాలో ఐదుగురు కూర్చొనడానికి సుమారు 270 ఏండ్ల ముందే ఈ గల్లీలలో పేదరోగికి మందు ఇచ్చే ఇల్లు ఒకటి ఉండేదన్న మాట. పాతబస్తీకి వైద్యము మనము కొత్తగా తీసుకొని పోతున్నామని ఎవరైనా అనుకొంటుంటే, ఆ మాట ఒకసారి తలచుకోవడం మంచిది.

ఇంకొక సంగతి. 1914లో యుద్ధము రాగానే హైదరాబాద్ లాన్సర్స్ అశ్వదళము ఈజిప్టుకు వెళ్లింది. తరువాత సినాయి, పాలస్తీనా రంగాలలో పనిచేసింది. అక్కడ ఎదుట నిలిచినది తుర్కీ సైన్యము. మన ఊరి నుండి వెళ్లిన సిపాయి గాయపడితే బ్రిటిషు సైన్యపు వైద్యులు ఎర్ర సిలువ గుర్తు క్రింద మోసుకొని పోయారు. అతనికి ఎదురుగా నిలిచిన తుర్కీ సిపాయిని ఎర్ర నెలవంక క్రింద మోసుకొని పోయారు. మన లాన్సర్లలో ముస్లింలు ఎందరో. వారిని మోసినది సిలువ గుర్తు ఉన్న బండి! ఆ రంగములో ఏ గుర్తు ఏ మతముదని తేల్చబోతే తల తిరుగుతుంది. గాయపడినవానికి ఆ రెండింటి అర్థమూ ఒకటే.

1929లో జెనీవా ఒడంబడిక నెలవంకను, ఇరాను వారి ఎర్ర సింహము-సూర్యుని కూడ అంగీకరించింది. 1980లో ఇరాను సింహమును విడిచి నెలవంకకు మారింది. ఆఫ్ఘన్ వారు ఎర్ర మిహ్రాబ్ కావాలన్నారు, సిలోను వారు ఎర్ర స్వస్తిక్ అడిగారు. అట్లా దేశానికొక గుర్తు అయితే మళ్లీ తెలుపు, ఎరుపు, పసుపు జెండాల కథే కదా. వాటిని ఒప్పుకోలేదు. చివరకు ఏ మతానికీ, ఏ దేశానికీ చెందని ఎర్ర స్ఫటికము అనే గుర్తును, నాలుగు పలకల వజ్రాకారముగా, 2005 డిసెంబరు 8న అంగీకరించారు. 2007 జనవరి నుండి అది అమలులో ఉంది. పాకిస్తాన్ 1974లో, బంగ్లాదేశ్ 1988లో నెలవంకకు మారాయి. ముస్లింలు అత్యధికముగా ఉన్న ఇండోనేషియా మాత్రము నేటికీ ఎర్ర సిలువనే వాడుతున్నది. హిందువులు అత్యధికులైన మన దేశములోనూ అదే.

ఈ సంగతులన్నీ విన్న తరువాత మేము గదులు అద్దెకిచ్చిన ఇంటి యజమానిగారిని కలుసుకోవడానికి వెళ్లాము. పెద్ద వయస్సు ముస్లిం పెద్దమనిషి. “సాబ్, మా వాళ్లలో కొందరు తలుపు మీద ఎర్ర నిషాన్ వేస్తామంటున్నారు. మీకు అభ్యంతరమా?” అని అడిగాము. ఆయన నవ్వి, “అది సర్కారీ నిషాన్ కదా బాబూ, మీరెట్లా వేస్తారు? మా అన్న ఫౌజులో డ్రైవరుగా ఉండె. ఆ నిషాన్ ఉన్న బండిలో తుపాకి పెట్టనియ్యరని చెప్తుండె” అన్నారు. తరువాత చాయ్ తెప్పించి, నీళ్ల మోటారు సంగతి మాట్లాడారు. మన కూటములలో రెండుసార్లు తేలని విషయము ఆయనకు ఒక ముక్కలో తెలిసి ఉన్నది.

ఆయన చెప్పినది నిజమే. ఆ గుర్తుకు రెండు విధాలైన వాడుక ఉంది. మొదటిది రక్షణ కొరకు. యుద్ధకాలములో సైన్యపు వైద్య దళాలు, వారి ఆసుపత్రులు, బండ్లు పెద్దదిగా, దూరము నుండి కనబడేటట్లు వేసుకొంటాయి. దాని మీద అక్షరము గాని, మరొక బొమ్మ గాని ఉండకూడదు. రెండవది గుర్తింపు కొరకు. రెడ్‌క్రాస్ సంస్థ తన భవనాల మీద, తన కార్యకర్తల బ్యాడ్జీల మీద, తన పేరుతో కలిపి చిన్నదిగా వాడుకొంటుంది. మన భారత రెడ్‌క్రాస్ సంఘము 1920 నాటి చట్టము ద్వారా ఏర్పడినది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సంగతి మన తెలుగువారు మరచిపోలేరు. కోస్తా తీరపు పల్లెలలో తుపాను వచ్చినప్పుడు తలదాచుకోవడానికి రెడ్‌క్రాస్ వారు కట్టించిన భవనాలు ఉన్నాయి. ఆ గోడల మీద ఆ గుర్తు ఉండడం న్యాయము.

చట్టము ఏమంటున్నదో చెబుతాము. మన దేశము 1949 నాటి నాలుగు జెనీవా ఒడంబడికలను 1950లో ఆమోదించింది. వాటిని అమలు పరచడానికి పార్లమెంటు 1960లో జెనీవా ఒడంబడికల చట్టము చేసింది. దాని 12వ సెక్షను ప్రకారము కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేకుండా ఎవరూ, ఏ పనికైనా సరే, తెలుపు మీద ఎర్ర సిలువను గాని, ఎర్ర నెలవంకను గాని, ఎర్ర సింహము-సూర్యుని గాని వాడకూడదు. రెడ్‌క్రాస్ అనే పేరు కూడ వాడకూడదు. వాటిని పోలినట్టుండి చూచేవారిని భ్రమపెట్టే గుర్తులకు కూడ ఇదే నిషేధము. గనుక రంగు కొంచెము నారింజకు మార్చుతాము, అంచు నీలం వేస్తాము అని మన యౌవనస్థులు చెప్పిన ఉపాయాలు కూడ అంత సురక్షితము కావు. స్విస్ జెండా వంటి ఎరుపు మీద తెల్ల సిలువ కూడ నిషేధమే. ఇది మాకు కొత్తగా తెలిసింది. 13వ సెక్షను క్రింద రూ. 500 వరకు జుర్మానా, ఆ గుర్తు వేసిన సరుకు జప్తు. ఐదు వందలకు ఈ రోజులలో బోర్డు రాసే పెయింటరు కూడ రాడు. పైగా ప్రభుత్వము తరఫున ఫిర్యాదు లేనిదే కోర్టు కేసును చేపట్టదు. బజారులో ఇన్ని ఎర్ర గుర్తులు నిర్భయముగా ఉండడానికి ఇదొక కారణమని మా అభిప్రాయము. పట్టుబడరన్న ధైర్యముతో చేసే పని మాత్రము సంఘమునకు తగినది కాదు.

జుర్మానా మాట పక్కన పెట్టండి. అసలు నష్టము వేరే చోట ఉంది. 2008 జూలై 2న కొలంబియా దేశములో, తిరుగుబాటుదారుల చేతిలో బందీలుగా ఉన్న ఇంగ్రిడ్ బెతాంకూర్‌ను, మరికొందరిని సైన్యము ఒక్క తూటా పేల్చకుండా ఉపాయముతో విడిపించింది. లోకమంతా చప్పట్లు కొట్టింది. కొద్దిరోజులకు తెలిసిందేమిటంటే, సహాయ సంస్థ వారిగా నటించిన ఆ బృందములో ఒకడు రెడ్‌క్రాస్ గుర్తు ధరించి ఉన్నాడు. ఆ దేశాధ్యక్షుడు ఉరీబే స్వయముగా అది ఒప్పుకొని రెడ్‌క్రాస్ వారికి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. బందీలు క్షేమముగా వచ్చారు కదా, తప్పేమిటి అని మన కూటములో ఒకరు అడిగారు. తప్పు ఆ రోజుది కాదు. మరునాడు అడవిలోకి నిజమైన రెడ్‌క్రాస్ నర్సు వెళితే, ఎదుటివాడు ఆమెను నమ్మాలా వద్దా?

అంత దూరము పోనక్కరలేదు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు మన వీధులలో ఎన్ని బండ్లకు రాత్రికి రాత్రి ఎర్ర స్టిక్కర్లు వెలిశాయో మీరే చూశారు. పాతబస్తీకి కర్ఫ్యూలు కొత్త కాదు. 1978, 1990 సంవత్సరాలు చూసిన పెద్దలు ఇక్కడే కూర్చొని ఉన్నారు. నాకాబందీ దగ్గర జవాను ఎర్ర గుర్తు ఉన్న బండిని ఆపి చూస్తే లోపల రోగికి బదులు పెండ్లివారు కనబడ్డారనుకోండి. ఆ తరువాతి బండిని అతడు పూర్తిగా వెదికే పంపుతాడు. ఆ బండిలో నొప్పులు పడుతున్న తల్లి ఉండవచ్చు.

ఒడంబడికలో ఒక చిన్న వెసులుబాటు ఉన్నదని కూడ న్యాయముగా చెప్పాలి. శాంతికాలములో అంబులెన్సుల మీద, గాయపడినవారికి, రోగులకు పూర్తిగా ఉచితముగా చికిత్స చేసే కేంద్రాల మీద, దేశపు చట్టానికి లోబడి, రెడ్‌క్రాస్ సంఘము స్పష్టమైన అనుమతి ఇస్తే, ఆ గుర్తును వాడవచ్చు. మన వైద్యశాల ఉచితము. అయితే దరఖాస్తు పెడదామా అని పెద్దలలో ఒకరు అడిగారు. మా సమితిలో దీని మీద భేదాభిప్రాయము వచ్చిన మాట దాచము. చివరకు వద్దనే నిర్ణయానికి వచ్చాము. కారణము చట్టములో లేదు, మనలో ఉంది.

రెడ్‌క్రాస్ ఉద్యమము 1965లో వియన్నాలో ఏడు మూల సూత్రాలను ప్రకటించింది. మానవత, నిష్పక్షపాతము వాటిలో మొదటివి. వాటి వెంటనే ఉన్నది తటస్థత. ఆ గుర్తు క్రింద నిలబడినవాడు రాజకీయ, కుల, మత వివాదాలలో ఏ పక్షమూ పట్టకూడదు. మనము సంఘముగా అట్టి మాట ఇవ్వగలమా? మనము సాక్షులుగా పిలువబడినవారము. మందుల వ్యానులో సువార్త పత్రికలు కూడ పెడదామని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. (రోగి చేతిలో మందు చీటీతో పాటు పత్రిక పెట్టడం తగదని మా అభిప్రాయము. అది వేరొక రోజు మాట్లాడుకొందాము.) మన విశ్వాసమును గూర్చి మనము సిగ్గుపడనక్కరలేదు. కాని విశ్వాసము ఒకటి పెట్టుకొని, ఏ విశ్వాసమూ మాట్లాడని గుర్తును పైన తగిలించుకోవడం ఎదుటివారికి అబద్ధము చెప్పినట్టే. ముఖ్యముగా పాతబస్తీలో. అక్కడి తల్లి బిడ్డను చంకనెత్తుకొని వచ్చినప్పుడు తాను ఎవరి గడప తొక్కుతున్నదో ఆమెకు తెలియాలి. తెలిసి రావాలి.

గుర్తు లేకపోతే రోగులు ఎట్లా వస్తారు అన్న భయము మిగిలింది. మంచి సమరయునికి ఏ గుర్తు ఉన్నది? ఉన్న గుర్తు ఒక్కటే, తాను సమరయుడనేది. దెబ్బలు తిన్నవానికి అది చూస్తే దగ్గరికి రానివ్వాలనిపించదు. అతని వద్ద నూనె ఉంది, ద్రాక్షారసము ఉంది, గాడిద ఉంది, పూటకూళ్లవానికి ఇవ్వడానికి రెండు దేనారములు ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని నేటికీ చెప్పుకొంటారు. 2020 అక్టోబరులో అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబా నగర్ నీట మునిగినప్పుడు అన్నము పొట్లాలు మోసినవారి చొక్కాల మీద ఏ గుర్తులూ లేవు. ఎదుటివాడి చేతిలో తుపాకి ఉన్న చోట రెడ్‌క్రాస్ గుర్తు లేనిదే పని జరగదు. మన రెండు గదుల దగ్గర ఆ అవసరము లేదు. సమయానికి తలుపు తీస్తే చాలు.

అందుచేత మా సమితి సిఫారసు ఇది. బోర్డు తెల్ల రేకు మీద నీలి అక్షరాలతో ఉండాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోను సంఘము పేరు, దాని క్రింద “ఉచిత దవాఖానా” అన్న మాట, తెరిచే రోజులు, వేళలు. దవాఖానా అనే మాటే ఉంచాము, అక్కడ అందరి నోటా ఉన్న మాట అదే గనుక. మొదట శుక్రవారము అనుకొన్నాము గాని మధ్యాహ్నము జుమ్మా నమాజు ఉంటుంది గనుక సోమ, గురువారములకు మార్చాము. సంఘము పేరు ప్రక్కన మన ఆలయపు సిలువను, క్రింది భాగము పొడుగుగా, చిన్నదిగా నలుపు రంగులో వేయవచ్చునా అని కొందరు అడిగారు. వేయవచ్చును. అది మనది. ప్రథమ చికిత్స పెట్టె మీద మాత్రము ఆకుపచ్చ మీద తెల్ల సిలువ వేయిస్తాము. ప్రథమ చికిత్సకు ప్రపంచమంతటా వాడే గుర్తు అది, దానికి నిషేధము లేదు. ఉర్దూ అక్షరాలు చక్కగా రాసేవాడిని ఛత్తాబజారులో మాట్లాడి ఉంచాము.

ఎర్ర గుర్తు ధరించి సేవ చేయాలని నిజముగా ఆశ ఉన్న యౌవనస్థులు రెడ్‌క్రాస్ సంఘములోనే సభ్యులుగా చేరవచ్చు. చందా తక్కువ, పని ఎక్కువ. ప్రథమ చికిత్స శిక్షణ కొరకు, రక్తదానము కొరకు పేర్లు ఇవ్వదలచినవారు కూటము ముగిసిన తరువాత కార్యదర్శిగారి బల్ల దగ్గర రాయించండి. పేరుతో పాటు వయస్సు, రక్తపు గ్రూపు కూడ రాయవలెను. గ్రూపు తెలియనివారు ఆ గడి ఖాళీగా వదిలివేయండి, ఊహించి రాయవద్దు.